గులాబి రంగు రాని పోర్టికో

మా అమ్మ చుట్టాలకు నా ఉద్యోగం గురించి చెప్పేటప్పుడు "గోడలకు పరీక్షలు జేస్తది" అని ఆపేస్తుంది. ఏం పరీక్షలని వాళ్లు అడిగేలోపు టీ పెట్టాలంటూ లేచిపోతుంది. అంతకు మించి ఆమెకూ తెలియదు. నేను సివిల్ ఇంజినీరును. మా ఇల్లు దూలపల్లిలో, పనిచేసే ల్యాబు జీడిమెట్లలో. వయసు మీద పడ్డ కట్టడాల లోపల ఇనుము ఎలా ఉందో పైనుంచి చూసి చెప్పడం మా పని.

ఆ పని ఏమిటో నాలుగు మాటల్లో చెప్తాను. స్లాబు లోపల, బీముల లోపల ఇనుప సలాకలు ఉంటాయి కదా. సిమెంటులో సున్నం గుణం బాగా ఉంటుంది. అది ఉన్నంత కాలం సలాకకు తుప్పు పట్టదు. కానీ గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా లోపలికి ఇంకుతూ ఆ గుణాన్ని హరించేస్తుంది. దీన్నే కార్బొనేషన్ అంటారు. అది సలాక దాకా చేరి, దానికి తడి కూడా తోడైందంటే తుప్పు మొదలవుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి, పైనున్న కాంక్రీటును బయటికి నెడుతుంది. పెచ్చులు రాలేది అందుకే.

దీన్ని కనిపెట్టడానికి మేము వాడేది ఒక స్ప్రే సీసా. అందులో ఉండేది పదో తరగతి ల్యాబులో అందరం చూసిన ఫినాఫ్తలీన్ మందే. కాంక్రీటును కాస్త చెక్కి, దుమ్ము ఊదేసి, అప్పటికప్పుడు కొట్టాలి. గుణం బాగున్న చోట ముదురు గులాబి రంగు వస్తుంది. పోయిన చోట ఏ రంగూ రాదు, నీళ్లు చల్లినట్టే ఉంటుంది. గులాబి అంటే మంచిది. ఈ ముక్క ముందే చెప్పాలన్న బుద్ధి నాకు ఆ రోజు ఎందుకు పుట్టలేదో ఇప్పటికీ అర్థం కాదు.

ఆషాఢం మొదలైన కొత్తల్లో ఒక పాస్టరుగారు ఫోన్ చేశారు. మేడ్చల్ నుంచి శామీర్‌పేట వైపు పోయే దారుల్లో ఉన్న ఒక చిన్న ఊళ్లో వాళ్ల మందిరం.

"అమ్మా, ఆదివారం ప్రార్థన నడుస్తుండంగనే పైనుంచి పెచ్చు పడ్డది. దేవుని దయ, ఎవ్వరికీ తాకలే. వచ్చే గురువారం మా బిడ్డ పెండ్లి ఉన్నది. లోపల జేసుకోవచ్చా లేదా మీరు ఒక్క మాట చెప్పాలె" అన్నారు.

మర్నాడే బయల్దేరాం. నాతో పాటు డ్రిల్లు పట్టే సహోద్యోగి వచ్చాడు. నాకంటే ఏడాదో రెండేళ్లో పెద్దవాడే గానీ నన్ను అక్కా అంటాడు. పని మీద ఎంత ధ్యాస ఉంటుందో ఆ ఊళ్లో మధ్యాహ్నం ఏం వండుతారన్న దాని మీదా అంతే ఉంటుంది. రావల్కోల్ దాటాక రోడ్డుకు రెండు వైపులా ఒకప్పటి ద్రాక్షతోటల రాతి కడీలు ఇంకా నిలబడే ఉన్నాయి. తీగలు లేవు. కడీల మధ్య ప్లాట్ల హద్దురాళ్లకు వేసిన పసుపు, ఎరుపు రంగులు వానకు కడిగినట్టు మెరుస్తున్నాయి. పెళ్లింటి భోజనం అప్పుడే మొదలై ఉంటుందా, గురువారం నాడే ఉంటుందా అని నా సహోద్యోగి దారంతా లెక్కలు వేశాడు.

మందిరం రెండు భాగాలు. వెనక పాత హాలు. పాస్టరుగారి చిన్నతనంలో, ఆయన తండ్రి హయాంలో, ఊళ్లో వాళ్లే తలా ఒక చెయ్యి వేసి కట్టుకున్నది. ముందు కొత్త పోర్టికో. అప్పటి సర్పంచ్ కట్టించి ఇచ్చింది. నున్నటి స్తంభాలు, వాటికి రాయిలా కనిపించే పలకలు, నుదుటి మీద పాలరాతి ఫలకం. ఆ ఫలకం మీద సర్పంచ్ పేరు రోడ్డు అవతలి నుంచి కూడా చదవొచ్చు. బైబిలు వాక్యం మాత్రం దాని కింద చిన్న అక్షరాల్లో ఉంది.

పాత హాలు పెచ్చు రాలింది కాబట్టి దాని మీద ఎవరికీ నమ్మకం లేదు. పెళ్లి పోర్టికో కిందనే చేద్దామని సంఘ పెద్దలు నిర్ణయించారు. ముందు షామియానా వేస్తారు, పోర్టికో కింద వేదిక పెడతారు. పాటల బృందం, డ్రమ్ములు, పెద్ద పెద్ద స్పీకర్లు పోర్టికో పైకి ఎక్కిస్తారు. ఆషాఢంలో వేరే పెళ్లిళ్లు లేవు కాబట్టి మేడ్చల్‌లో పేరున్న బ్యాండు కూడా దొరికిందని పాస్టరుగారు సంబరంగా చెప్పారు.

గుమ్మంలోనే మొదటి ఆటంకం ఎదురైంది. పాస్టరుగారి తల్లి, బాగా పెద్దావిడ, ద్వారం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. అందరికీ ఆమె అవ్వే. నా బూట్లు చూసింది.

"బూట్లు ఆడ్నే ఇడ్సి రా బిడ్డా."

"అవ్వా, ఇవి మా కంపెనీ రూలు. పనిచేసేటప్పుడు ఇప్పొద్దు. పైనుంచి ఏదన్న పడితే దెబ్బ తగుల్తది."

"పైనుంచి పడేది నెత్తి మీద పడ్తది గని కాళ్ల మీద పడ్తదా?"

దీనికి మా సేఫ్టీ పుస్తకంలో జవాబు లేదు. నెత్తి మీది హెల్మెట్ ఉంచుకోవడానికి అవ్వ ఒప్పుకుంది. చివరికి పాస్టరుగారు బూట్లను రెండు సార్లు గోనెపట్టాతో తుడిపించి, లోపల మేము నడిచే మేర గోనె సంచులు పరిపించారు. అవ్వ ఒప్పుకోలేదు, కాదనలేదు. మొహం అటు తిప్పుకుంది.

హాల్లో ఒక మూల పెళ్లి కోసం బియ్యం ఏరుతూ కొందరు ఆడవాళ్లు చాపల మీద కూర్చుని ఉన్నారు. నేను నిచ్చెన ఎక్కి పెచ్చు రాలిన చోటు చూశాను. రాలింది కాంక్రీటు కాదు, దాని మీద తర్వాతెప్పుడో మందంగా కొట్టిన ప్లాస్టరు. మంచిదే అనుకున్నాను. కానీ చూపుతో తేల్చేది కాదు కదా. సలాకలు ఎంత లోతున ఉన్నాయో మీటరు పెట్టి చూసుకున్నాం. నా సహోద్యోగి బీము అంచున చెక్కాడు. నేను దుమ్ము ఊదేసి సీసా నొక్కాను.

రంగు చటుక్కున ఎక్కింది. దాదాపు పై అంచు నుంచే మొదలై లోపలిదాకా చిక్కటి గులాబి. అంత పాత కాంక్రీటులో అలా వస్తే మా వృత్తిలో వాళ్లకు కలిగే ఆనందం బయటివాళ్లకు చెప్పినా అర్థం కాదు.

"మస్తు వచ్చింది. ఫోటో తియ్యి" అన్నాను కిందికి.

"ఇంత గనం వచ్చుడు నేను ఎన్నడూ సూడలే అక్కా" అన్నాడతను.

కిందికి చూస్తే బియ్యం ఏరే చేతులు ఆగిపోయి ఉన్నాయి. ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తడి రంగు బీము మీద నుంచి రెండు ధారలుగా కారుతోంది.

"నెత్తురు లెక్క కారవట్టె" అంది అవ్వ నెమ్మదిగా.

మేము ఇంకో బీము చెక్కాం, అక్కడా గులాబే. స్లాబు కింద చెక్కాం, అక్కడా అంతే. ప్రతిసారీ నేను "బాగా వచ్చింది" అంటున్నాను. రోగం బాగా ముదిరిందని డాక్టరు చెప్తున్నట్టు కింద వాళ్లు వింటున్నారు. వెనక గోడ వైపు ఒక్క చోట మాత్రం కొంత లోతు దాకా రంగు రాలేదు. నేను కాస్త నిరాశగా తల ఊపితే, "ఆ ఒక్క జాగ అన్న దక్కింది" అని ఎవరో నిట్టూర్చారు. ఆ మాట నా చెవిన పడింది గానీ బుర్రకు ఎక్కలేదు.

తర్వాత పోర్టికోకు వచ్చాం. స్లాబు అడుగున చెక్కి, ఊదేసి, సీసా నొక్కాను. ఏమీ రాలేదు. ఇంకొంచెం లోపలికి చెక్కాం. అయినా ఏమీ లేదు. సలాక కనబడే దాకా పోయాం. అదేమంత దూరం కాదు, చిటికెన వేలి మందం కూడా లేదు. సలాక చుట్టూ కూడా తడి మరక తప్ప రంగన్నది లేదు. ఇంకో మూల చూశాం. అక్కడా అదే కథ.

వెనక నుంచి "దేవునికి స్తోత్రం" అని వినిపించింది. ఒకరు కాదు, నలుగురైదుగురు. నేను నిచ్చెన మీద నుంచి వెనక్కి తిరిగేసరికి పాస్టరుగారు ఫోనులో మాట్లాడుతున్నారు.

"సర్పంచ్ సాబ్, మీ పోర్టికో పాసైంది. ఒక్క సుక్క సుత రాలే. పాత హాలే పాయె."

నేనూ నా సహోద్యోగీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అప్పుడు ఎక్కింది బుర్రకు.

నిచ్చెన దిగి, పాస్టరుగారు ఫోను పెట్టేసేదాకా ఆగి, "అయ్యగారూ, మీరు ఉల్టా అనుకున్నరు. రంగు రావాలె. వస్తేనే మంచిది" అన్నాను.

ఆయనకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. ముందు హాలు వైపు చూశారు, తర్వాత పోర్టికో వైపు, ఆ తర్వాత చేతిలో ఫోను వైపు.

"అంటే హాలు మంచిగున్నట్టా?"

"శానా మంచిగున్నది. గులాబి రంగు ఉన్నదంటే లోపల సలాక భద్రంగ ఉన్నట్టు."

అవ్వ చెయ్యి చెవికి ఆనించి వింటోంది. "గిలాబు గట్టిగనే ఉంటది మల్ల. మా ఆయన దగ్గరుండి ఏయించిండు" అంది. మా వైపు ప్లాస్టరింగ్‌ను గిలాబు అంటారు.

"గిలాబు కాదవ్వా, గులాబి. రంగు."

"గదే అంటున్న."

నేను ఇంక సరిదిద్దలేదు. ఆమె సంతోషంగా ఉంది.

ఒక్క రంగు చూసి తీర్పు చెప్పేయడం మాకు అలవాటు లేదు. ఇంకో పరీక్ష చేయాలి. సలాకకు ఒక వైరు తగిలించి, రెండో కొసకు కట్టిన తడి స్పాంజి గొట్టాన్ని కాంక్రీటు మీద అక్కడక్కడ ఆనిస్తూ పోతే, లోపల తుప్పు నడుస్తోందో లేదో మీటరులో తెలుస్తుంది. హాల్లో రంగు రాని ఆ వెనక మూల కూడా చూశాం. అక్కడ గుణం కొంత పోయినా లోపల పొడిగా ఉంది, మీటరు నిమ్మళంగా ఉంది. ఇప్పటికైతే భయం లేదు, వాన నీళ్లు మాత్రం దిగకుండా చూసుకోవాలి.

పోర్టికోలో మీటరు అలా లేదు. ఎక్కడ ఆనించినా చెడ్డ కబురే. నా సహోద్యోగి పైకి ఎక్కి చూసొచ్చాడు. నీళ్లు పోయే గొట్టంలో ఆకులు అడ్డంపడి, మొన్నటి వాన నీళ్లు అలాగే నిలిచి ఉన్నాయట. సుత్తితో అడుగున తడితే కొన్ని చోట్ల డొల్ల చప్పుడు వచ్చింది. దాని మీదకు డ్రమ్ములు, స్పీకర్లు, పాడే వాళ్లు ఎక్కుతారు. దాని కింద పెళ్లికూతురు నిలబడుతుంది.

ఇంతలో తెల్ల కారు వచ్చి ఆగింది.

ఆయన సర్పంచ్ పదవి దిగి చాలా కాలమైంది. అయినా ఊళ్లో అందరూ సర్పంచ్ సాబ్ అనే పిలుస్తారు. భూములున్న కుటుంబం, ఇప్పుడు వెంచర్లు కూడా చేస్తున్నారు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, చేతిలో మేడ్చల్ స్వీటుషాపు డబ్బా. తన పోర్టికో పాసైనందుకు అందరికీ మైసూర్‌పాక్ తెచ్చారు. మేము నోరు తెరిచేలోపే డబ్బా చుట్టూ తిరిగింది. నా సహోద్యోగి రెండు ముక్కలు తీసుకుని ఒకటి అప్పుడే తినేశాడు.

"ఏం మేడం, మనదేమన్న కచ్చా పని అనుకున్నరా?" అన్నారాయన నాతో.

పాస్టరుగారు నేల వైపు చూశారు. చెప్పాల్సింది నేనే అని తేలిపోయింది.

"సార్, అయ్యగారు జల్దీల ఉల్టా చెప్పిండ్రు. రంగు వస్తెనే మంచిది. హాలుకు వచ్చింది. మీ పోర్టికోకు రాలేదు."

"రాకుంటె ఏమైతది?"

"లోపల సలాకలు తుప్పు పడ్తున్నయి. కింద మంది ఉండొద్దు. పైన బరువు పెట్టొద్దు."

ఆయన చేతిలోని మైసూర్‌పాక్ ముక్కను తిరిగి డబ్బాలో పెట్టారు.

"గా పాత మందిరం మంచిగుండి, నిన్నగాక మొన్న నేను కట్టిచ్చింది ఖరాబైందా? గిట్ల చెప్పుమని మీకు ఎవలు చెప్పిండ్రు?"

"ఎవ్వరూ చెప్పలే సార్."

"నా పేరు తీపియ్యాల్నని సూసేటోళ్లు ఊర్ల ఉన్నరు. నాకెర్కనే."

సీసా ఆయన చేతికిచ్చి, "మీరే కొట్టి సూడుండ్రి సార్" అన్నాను.

ఆయన నన్ను ఒకసారి ఎగాదిగా చూసి, చొక్కా చేతులు పైకి మడుచుకుని, హాల్లోకి నడిచారు. నా సహోద్యోగి బీము మీద కొత్తగా ఒక చోటు చెక్కి ఇచ్చాడు. సర్పంచ్ సాబ్ నిచ్చెన రెండు మెట్లెక్కి సీసా నొక్కారు. గులాబి రంగు. పోర్టికోలోకి వచ్చి నొక్కారు. ఏమీ లేదు. మళ్లీ నొక్కారు. సీసాను చెవి దగ్గర పెట్టుకుని ఊపారు.

"మందు అయిపోయినట్టుంది."

"సగం ఉన్నది సార్."

నమ్మకం కుదరక అదే సీసాతో మళ్లీ హాల్లోకి పోయారు. గులాబి. మళ్లీ పోర్టికో. ఏమీ లేదు. ఈ రాకపోకల్లో హాల్లో చెక్కిన దుమ్ము ఆయన చొక్కా మీద పడుతూనే ఉంది. సీసా తుంపరలూ పడుతున్నాయి. సిమెంటు దుమ్ముకు ఆ మందు తగిలితే ఏమవుతుందో నాకు తెలుసు గానీ, చెప్పే ధైర్యం రాలేదు. చూస్తుండగానే ఆయన తెల్ల చొక్కా మీద చేతుల దగ్గర, పొట్ట దగ్గర గులాబి చుక్కలు తేలాయి. ఆ రంగు ఆయన పార్టీది కూడా కాదు.

"సర్పంచుకు వచ్చింది గని పోర్టికోకు రాలే" అంది అవ్వ.

బియ్యం ఏరే ఆడవాళ్లు చేటలు అడ్డం పెట్టుకున్నారు. నేను మీటరు సర్దుతున్నట్టు వంగాను. ఆయనకు నవ్వు వచ్చిందో కోపం వచ్చిందో తెలియదు. చొక్కా దులుపుకుంటూ ఫోను తీసి ఎవరికో కలిపారు. పోర్టికో పని చేసింది ఆయన బామ్మర్దేనట. చేతికి దుమ్ము ఉందని ఫోను స్పీకరులో పెట్టారు.

"అరేయ్, మందిరం పోర్టికోకు నీళ్లు వట్టినవా లేదా?"

"ఏ మందిరం బావా?"

"నేను కట్టిచ్చిందిరా."

అవతలి గొంతు స్పష్టంగా, అందరికీ వినబడేలా వచ్చింది. "బావా, ఓపెనింగ్ జల్దీ గావాలె, ఎలక్షన్ వస్తాందని నువ్వే అంటివి గదా. కాంక్రీటు ఆరకముందే సెంట్రింగ్ ఇప్పిస్తివి. నీళ్లు వడితె గోడలకు రంగులెట్ల ఏద్దును?"

ఆయన స్పీకరు ఆపేశారు గానీ అప్పటికే ఆలస్యమైంది. కొత్త కాంక్రీటును రోజుల తరబడి తడపకపోతే అది గుల్లగా మిగిలి, గాలి త్వరగా లోపలికి చేరుతుంది. ఆయన ఫోను జేబులో పెట్టుకుని, ఫలకం కింద నిలబడి తన పేరు వైపు తలెత్తి చూడబోయారు.

"సార్, కొంచెం ఇవతలికి రండి" అన్నాను నేను. మామూలుగా, పెద్దగా ఆలోచించకుండా అన్న మాటే. ఆయన ఒక్క అంగలో బయటికి వచ్చేశారు. వచ్చాక, తాను అంత తొందరగా ఎందుకు వచ్చారో ఆయనకే తెలిసినట్టుంది. నా వైపు చూసి గొంతు తగ్గించి అడిగారు.

"ఇగ ఏం జెయ్యాలె బిడ్డా?"

అప్పటిదాకా నేను మేడంను.

మా ల్యాబులో మా సార్‌కు ఫోన్ చేశాను. స్లాబు కింద జాకీలు, అంటే సెంట్రింగ్‌కు వాడే ఇనుప ఊతలు పెట్టించాలని, ఎవర్నీ కిందికి రానివ్వొద్దని, పెళ్లయ్యాక పోర్టికోను తీసేయడమే మేలని, కాగితం మీద రిపోర్టు తర్వాత ఇద్దామని ఆయన చెప్పారు. సర్పంచ్ సాబ్ బామ్మర్దికి మళ్లీ ఫోన్ చేశారు, ఈసారి స్పీకరు లేకుండా. పొద్దుగూకేలోపే జాకీల లారీ వచ్చింది. బామ్మర్ది రాలేదు.

గురువారం మమ్మల్నిద్దర్నీ పెళ్లికి పిలిచారు. పెళ్లి హాల్లోనే. పోర్టికో నిండా జాకీలు, చుట్టూ ఎర్ర తాడు. అందరూ పక్క గుమ్మం నుంచి రావాలి. ఆ పక్క గుమ్మం వంటల పందిరికి ఆనుకుని ఉంటుంది. తెల్ల చీర, ముసుగుతో పెళ్లికూతురు బిర్యానీ డేగిశాల మధ్యలోంచి, పొగలోంచి, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని నవ్వుకుంటూ లోపలికి నడిచింది. ఇద్దరు వంటవాళ్లు గరిటెలు పక్కన పెట్టి దారిచ్చారు. నా సహోద్యోగి ఆ దారిలో కావలసిన దానికంటే ఎక్కువసేపే నిలబడ్డాడు.

నేను లోపల చాప మీద కూర్చున్నాను. కూర్చున్నాక తలెత్తి చూస్తే సరిగ్గా మేము చెక్కి, మళ్లీ పూడ్చిన బీము కిందే ఉన్నాను. పరీక్షలు చేసి, బాగుంది, కూర్చోవచ్చని చెప్పడం నాకు కొత్త కాదు. చెప్పిన చోట పిల్లలూ ముసలివాళ్లూ కిక్కిరిసి కూర్చుంటే, వాళ్ల మధ్య నేనూ కూర్చోవడం మాత్రం అదే మొదటిసారి. పాస్టరుగారి స్నేహితుడైన ఇంకో పాస్టరు ప్రసంగం చేస్తున్నారు. నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. పాట ఎత్తుకున్నప్పుడల్లా, డప్పు మోగినప్పుడల్లా పైకి చూశాను. మీటరు అంకెలు మనసులో మళ్లీ మళ్లీ చదువుకున్నాను. పక్కన కూర్చున్న అవ్వ నా మోకాలి మీద చెయ్యి వేసి, "పైకి ఏం సూస్తవ్ బిడ్డా, పిల్లను సూడు" అంది. అప్పుడు పిల్లను చూశాను. బాగుంది. పెళ్లికొడుకు ఆమెకు ఉంగరం తొడుగుతున్నాడు.

సర్పంచ్ సాబ్ లోపలికి రాలేదు. ముఖ్య అతిథి కుర్చీ ఖాళీగానే ఉంది. ఆయన పోర్టికో ముందు, తాడుకు ఇవతల, ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఫోటోలు దిగుదామని వచ్చిన వాళ్లనూ, అక్కడైతే చప్పుడు బాగా వస్తుందని వచ్చిన బ్యాండు వాళ్లనూ వెనక్కి పంపుతూనే ఉన్నారట.

ప్రార్థన అయిపోయి అందరూ బయటికి వస్తుండగా వాన దిగింది. చినుకులు కాదు, ఒక్కసారిగా. షామియానా కింద భోజనాలకు కూర్చున్న వాళ్లంతా ప్లేట్లు పట్టుకుని లేచారు. వాన వస్తే కాళ్లు ఎటు పోతాయి, దగ్గర్లో ఉన్న కప్పు కిందికే కదా. జనం పోర్టికో వైపు పరుగెత్తారు. ఎర్ర తాడు ఎవరి కంటా పడలేదు. నేను పక్క గుమ్మంలో ఉన్నాను. కేక వేశాను గానీ వాన చప్పుడులో నాకే వినబడలేదు.

సర్పంచ్ సాబ్ లేచి రెండు చేతులూ బార్లా చాపి తాడుకు అడ్డంగా నిలబడ్డారు. "ఇటు గాదు, హాల్లకు పోండ్రి, హాల్లకు" అని అరుస్తూ ముందొచ్చిన వాళ్లను భుజాలు పట్టుకుని పక్కకు తిప్పుతున్నారు. ఎవరి ప్లేటులోదో పప్పుచారు ఆయన మీద ఒలికింది. ఆయన కదల్లేదు. జనం విసుక్కుంటూ, నవ్వుకుంటూ పక్క గుమ్మం వైపు మళ్లారు. ఒక్కరు కూడా తాడు దాటలేదు. ఆఖరి మనిషి హాల్లోకి వచ్చేదాకా ఆయన వానలో అలాగే ఉన్నారు. కప్పు మాత్రం ఆయన వెనక రెండడుగుల దూరంలోనే ఉంది.

తర్వాత తువ్వాలు తెచ్చి ఇచ్చింది పెళ్లికూతురే. ఆయన తల తుడుచుకుంటూ ఆమెతో, "ఏం అనుకోకు బిడ్డా, నీ పెండ్లికి ముందటి దర్వాజ బంద్ జేపిచ్చిన" అన్నారు. ఆమె "మీరు లోపలికి రాండ్రి బాపు, తిందురు" అని చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది.

పోర్టికో పగలగొట్టే రోజు నేను చూడ్డానికి వెళ్లాను. అది నా పని కాదు, వెళ్లకపోయినా అడిగేవాళ్లు లేరు. కొన్ని సలాకలు బాగానే ఉన్నాయి. నీళ్లు నిలిచిన వైపువి మాత్రం పొరలు పొరలుగా లేచిపోయి, చేత్తో నలిపితే రాలుతున్నాయి. సర్పంచ్ సాబ్ ఒక ముక్క ఏరి కారు డిక్కీలో వేసుకున్నారు. బామ్మర్దికి చూపించడానికట. పాలరాతి ఫలకాన్ని మాత్రం కూలీలతో జాగ్రత్తగా విడదీయించి, దుప్పటి చుట్టి ఇంటికి పంపారు.

కొత్త పోర్టికోకు స్లాబు శ్రావణంలో వేశారు. సలాకలు అడుగుకు తగలకుండా కింద దిమ్మెలు పెట్టారా లేదా, ఎడం ఎంత వదిలారు, నీళ్లు ఎక్కువ కలుపుతున్నారేమో అని ప్రతి దానికీ ఆయన నాకే ఫోన్ చేశారు. ఫలకం మళ్లీ పెట్టాలా వద్దా అన్న చర్చ సంఘంలో వచ్చిందట. ఈసారి అక్షరాలు ఇంకాస్త పెద్దగా ఉండాలని సర్పంచ్ సాబ్ కోరిక. పాస్టరుగారు మొహమాటపడుతుంటే, "పెట్టుకోనియ్యి కొడుకా, రోజొచ్చి నీళ్లు వడ్తాండు గదా" అని అవ్వ తేల్చేసిందట.

రోజూ నీళ్లు పడుతున్న మాట నిజమే. ఒక ఆదివారం పొద్దున్నే ఫోను. వెనక పోతరాజు డప్పులు వినబడుతున్నాయి.

"బిడ్డా, ఇయ్యాల మా ఊర్ల శ్రావణ బోనాలు. పొద్దుగాల ఒకసారి తడిపిన. గోనె సంచులు గూడ కప్పిన. సాయంత్రం రాకుంటె ఏమన్న అయితదా?"

"సంచులు తడిగ ఉంటె ఏం గాదు సార్. పండుగ చేసుకోండ్రి."

"ఏం గాదంటె, ఏం గాదు అని రాసిస్తవా?"

నవ్వి, రాసివ్వనన్నాను. సాయంత్రం మనసాగక పాస్టరుగారికి ఫోన్ చేసి, ఈ ఒక్క పూట మీరెవరైనా కాస్త నీళ్లు పట్టండని చెప్పాను.

"అమ్మ ఇప్పుడే పైపు వట్టుకొని తడిపిందమ్మా, ఎంత వద్దన్నా వినలే" అన్నారు ఆయన. "గిప్పుడేమో సర్పంచ్ సాబ్ మొఖానికి పసుపు బొట్టుతోనే వచ్చి మల్ల తడుపుతాండు. సాలు సాబ్ అంటె ఇద్దరూ ఇంటలేరు."